ఊరిని నడిపే మనిషి కావలెను

1900 సెప్టెంబరు 8, శనివారం. టెక్సాస్ తీరాన సన్నటి పొడవాటి ఇసుక దీవి మీద ఉన్న గాల్వెస్టన్ పట్నాన్ని సముద్రం ముంచెత్తింది. ఊళ్లో అన్నిటికంటే మెరక అనుకున్న చోటు కూడా అప్పట్లో సముద్రమట్టానికి 9 అడుగులు దాటేది కాదు. ఆ రాత్రి లేచిన ఉప్పెన 15 అడుగులు. 37 వేల పైచిలుకు జనాభాలో కనీసం 6 వేల మంది పోయారని లెక్క. 12 వేలు అన్నవాళ్లూ ఉన్నారు. 1977 నాటి దివిసీమ ఉప్పెనను చూసినవాళ్లకూ, పెద్దల నోట విన్నవాళ్లకూ ఆ మర్నాటి ఉదయం ఎలా తెల్లవారి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

నిజానికి హెచ్చరికలు అంతకుముందే వచ్చాయి. అదే తీరంలో ఉన్న ఇండియనోలా అనే రేవు పట్నాన్ని 1875లో ఒక తుఫాను చావుదెబ్బ కొట్టింది, 1886లో మరొకటి తుడిచిపెట్టేసింది. అది చూసి గాల్వెస్టన్ పెద్దలు సముద్రానికి అడ్డుగోడ కట్టాలనుకున్నారు. కొన్నాళ్లు గట్టిగా మాట్లాడుకున్నారు. తర్వాత ఆ మాటే మరిచిపోయారు. 1891లో అక్కడి వాతావరణ కార్యాలయం అధికారి ఐజాక్ క్లైన్, ఏ తుఫానూ ఈ ఊరికి పెద్ద హాని చేయలేదని పత్రికలో వ్యాసం రాశాడు. చదువుకున్నవాడి మాట కదా అని జనం నిశ్చింతగా ఉన్నారు. తొమ్మిదేళ్లకు వచ్చిన ఆ ఉప్పెనలోనే ఆయన భార్య కూడా కొట్టుకుపోయింది.

నీళ్లు తీశాక ఊరికి ఎదురైన ప్రశ్న ఇది: ఇప్పుడు ఈ పట్నాన్ని ఎవరు నడపాలి? మున్సిపాలిటీ తుఫానుకు ముందే అప్పుల్లో కూరుకుపోయి ఉంది. ఉన్న కౌన్సిల్ మీద ఎవరికీ నమ్మకం లేదు. రేవును లోతు చేయించడం కోసం ఏర్పడిన వ్యాపారుల సంఘం ఒకటి ఊళ్లో ఉండేది. వాళ్లు కూర్చుని కొత్త పద్ధతి ఒకటి ఆలోచించారు. కౌన్సిల్‌ను తీసేసి ఐదుగురు కమిషనర్లను పెట్టాలి. ఒకరు మేయరు. మిగతా నలుగురిలో ఒకరు డబ్బు వ్యవహారాలు, ఒకరు పోలీసు, అగ్నిమాపకం, ఒకరు నీళ్లు, మురుగు, ఒకరు వీధులు చూసుకోవాలి. ఏ పని ఆగినా ఎవరిని నిలదీయాలో ఊళ్లో అందరికీ తెలుస్తుంది. 1901లో టెక్సాస్ శాసనసభ ఒప్పుకుంది.

ఆ తర్వాతి పదేళ్లలో గాల్వెస్టన్ చేసిన పనులు ఇప్పుడు చదివినా ఒళ్లు జలదరిస్తుంది. ముగ్గురు ఇంజనీర్లను పిలిపించి దారి అడిగారు. 17 అడుగుల ఎత్తున, మూడు మైళ్లకు పైగా పొడవున అడ్డుగోడ కట్టమన్నారు వాళ్లు. అంతటితో ఆగకుండా ఊరి నేలనే పైకి ఎత్తాలన్నారు. 1902లో మొదలైన గోడ 1904కు పూర్తయింది. నేల ఎత్తడానికి 1911 దాకా పట్టింది. ఊరి మధ్యగా కాలువ తవ్వి, అందులోకి డ్రెడ్జర్లను తెచ్చి, సముద్రపు ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల్లోంచి ఇళ్ల కిందికి పంపారు. అంతకుముందే ప్రతి ఇంటినీ జాకీల మీద పైకి లేపి ఉంచాలి. అలా లేపిన కట్టడాలు రెండు వేల పైమాటే. సెయింట్ ప్యాట్రిక్ చర్చి బరువు 3 వేల టన్నులు. దాని కింద 700 జాకీలు పెట్టి, కూలీలందరూ ఒకే లయలో మరలు తిప్పుతుంటే, గోడ బీట ఇవ్వకుండా భవనం 5 అడుగులు పైకి లేచింది. ఆ రోజుల్లో జనం కర్రల మీద నిలబెట్టిన చెక్కబాటల వెంట ఇంటి నుంచి ఇంటికి నడిచారు. 1915లో మళ్లీ పెద్ద తుఫాను వచ్చింది. ఈసారి ఊరు నిలబడింది.

దాంతో గాల్వెస్టన్ పద్ధతి దేశమంతా పాకింది. 1905లో హ్యూస్టన్ తెచ్చుకుంది, 1907లో అయోవాలోని డెమాయిన్ తెచ్చుకుంది, ఆ తర్వాత వందల ఊళ్లు అదే బాట పట్టాయి. ఆపదలో ఉన్నన్నాళ్లు అది బాగానే నడిచింది. మామూలు రోజులు వచ్చేసరికి లోపాలు బయటపడ్డాయి. ఐదుగురూ ఎన్నికైనవాళ్లే, ఐదుగురూ సమానులే. వీధుల కమిషనరు వేయించిన రోడ్డును నీళ్ల కమిషనరు మర్నాడు గొట్టాల కోసం తవ్విస్తే అడిగేవాడు లేడు. ఎవరికి వారే యమునా తీరే. పైగా ఓట్లు తెచ్చుకోగల మంచి వ్యాపారికి మురుగు కాలువల పని తెలియాలని ఎక్కడుంది? ఊరిని పాలించడం వేరు, ఊరి పనులు చేయించడం వేరు అన్న సంగతి అప్పటికింకా ఊళ్లు నడిపేవాళ్లకు సరిగా తట్టలేదు.

అది మొదట తట్టిన చోటు సముద్రానికి దూరంగా, వర్జీనియా కొండల నడుమ ఉంది. స్టాంటన్ అనే చిన్న పట్నం అది. జనాభా 10 వేలు దాటితే పట్నానికి రెండు సభల కౌన్సిల్ ఉండాలని ఆ రాష్ట్ర రాజ్యాంగం. స్టాంటన్ ఆ గీత కొద్దిగా దాటి ఇరుక్కుపోయింది. రెండు సభల్లో కలిపి ఇరవై మందికి పైగా సభ్యులు, ముప్పై దాకా కమిటీలు, జీతం లేని కొలువు. బురద వీధిలో రాళ్లు పరిపించాలంటే కాగితం ఎన్ని చేతులు మారాలో! గాల్వెస్టన్ పద్ధతి తెచ్చుకుందామంటే రాష్ట్ర రాజ్యాంగం అడ్డం. సభలను తీసేయడానికి లేదు కాబట్టి, వాటి కింద రోజువారీ పనులన్నీ చూడడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకుందామని 1908 జనవరిలో తీర్మానించారు. ఆ ఉద్యోగానికి పెట్టిన పేరు జనరల్ మేనేజర్. దారి మూసుకుపోయి పక్కదారి వెతుక్కోవడమే వాళ్లకు కలిసొచ్చింది. సభలు రెండూ తీసేసే వీలు స్టాంటన్‌కు ఉండి ఉంటే, అది కూడా ఐదుగురు కమిషనర్లను పెట్టుకుని ఊరుకునేదేమో.

ఆ ఏప్రిల్‌లో కొలువులో చేరినవాడు చార్లెస్ ఆష్‌బర్నర్. బ్రిటిష్ సైనికాధికారి కొడుకు, ఇంజనీరు. పుట్టింది 1870లో, మన బొంబాయిలో. ఆయన పుట్టడానికి ఐదేళ్ల ముందే, 1865లో, బొంబాయి పట్నం పనులన్నీ చూడడానికి ప్రభుత్వం ఆర్థర్ క్రాఫర్డ్‌ను మున్సిపల్ కమిషనర్‌గా వేసింది. ఈ రెంటికీ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేరు, అది కేవలం కాకతాళీయం. అయినా రెండు దారులూ ఎక్కడ విడిపోయాయో చూడడం బాగుంటుంది. బొంబాయి కమిషనర్‌ను పైనున్న సర్కారు పంపింది. మన బాపట్లకైనా, నరసాపురానికైనా ఈనాటికీ మున్సిపల్ కమిషనర్‌ను పంపేదీ, బదిలీ చేసేదీ రాష్ట్ర ప్రభుత్వమే. స్టాంటన్ మాత్రం తన మనిషిని తానే వెతుక్కుంది, తానే జీతం ఇచ్చింది, నచ్చకపోతే పంపేసే హక్కు తన దగ్గరే ఉంచుకుంది.

ఆష్‌బర్నర్ వీధులు బాగుచేయించాడు, కొనుగోళ్లన్నీ ఒక చోటికి తెచ్చాడు. పని సాగింది. అయితే ఆ రెండు సభలూ, కమిటీలూ అలాగే ఉన్నాయి. ఈ ప్రయోగం ఒక కొండ ఊరి ముచ్చటగానే మిగిలిపోవలసింది. దాన్ని పైకి తెచ్చింది న్యూయార్క్‌లో ప్రకటనల వ్యాపారం చేసే ఒక కుర్రవాడు.

రిచర్డ్ చైల్డ్స్ 1882లో పుట్టాడు. తండ్రి పేరున్న వ్యాపారి. చైల్డ్స్ మొదటిసారి ఓటు వేయడానికి వెళ్లి, చేతికిచ్చిన బ్యాలెట్ చూసి నిర్ఘాంతపోయాడు. పైనున్న కొన్ని పేర్లు తప్ప మిగతావాళ్లెవరో తెలియదు. చదువుకున్న తనకే తెలియకపోతే, ఆ పేర్లను ఎవరు ఎంచుతున్నట్టు? పార్టీల తెర వెనుక పెద్దలు. ఆలోచించిన కొద్దీ ఒకటి స్పష్టమైంది. ఓటరు గుర్తుపెట్టుకోగలిగినంత మందినే ఎన్నుకోవాలి, మిగతావాళ్లను వాళ్లు నియమించాలి. 1909లో ఆయన దీనికోసమే ఒక సంస్థ పెట్టాడు. దానికి అధ్యక్షుడిగా ఒప్పుకున్న పెద్దమనిషి వుడ్రో విల్సన్, తర్వాత అమెరికా అధ్యక్షుడైనవాడు. రాజకీయం వేరు, పరిపాలన వేరు అని 1887లోనే వ్యాసం రాసినవాడు. ఇంకో విచిత్రం, ఆయన పుట్టిన ఊరు స్టాంటనే.

చైల్డ్స్ కన్ను స్టాంటన్ మేనేజరు మీద పడింది. గాల్వెస్టన్ కమిషన్‌లో కొద్దిమందినే ఎన్నుకుంటారు, అది మంచిది. కాని వాళ్లే శాఖలు కూడా నడుపుతారు, అది ముప్పు. స్టాంటన్‌లో పనిమంతుడైన మేనేజరు ఉన్నాడు, కాని పైన ఇద్దరు సవతుల్లా రెండు సభలున్నాయి. రెంటిలో మంచిని మాత్రం తీసుకుని కలిపితే? ఎన్నికైన చిన్న కౌన్సిల్ ఏం చేయాలో నిర్ణయిస్తుంది. అది నియమించిన మేనేజరు ఎలా చేయాలో చూసుకుంటాడు. ఆయన మీద ఎన్నికల భారం ఉండదు, కౌన్సిల్‌కు నచ్చినన్నాళ్లే ఉంటాడు. దీన్ని కనిపెట్టింది తాను కాదని, ఆ రెండు పద్ధతులకూ పెళ్లి జరిపించిన పురోహితుణ్ణి మాత్రమేనని చైల్డ్స్ తర్వాత చెప్పుకున్నాడు.

పెళ్లి అంత తేలిగ్గా జరగలేదు. మొదట లాక్‌పోర్ట్ అనే న్యూయార్క్ రాష్ట్రపు ఊళ్లో వర్తక సంఘం ముందుకొచ్చింది. బిల్లు తయారైంది. 1911లో రాష్ట్ర శాసనసభ దాన్ని అటకెక్కించింది. ఇంకొకరైతే అక్కడితో మానుకునేవారు. చైల్డ్స్ ప్రకటనల మనిషి, ఓడిపోయిన బిల్లు కూడా ఆయనకు సరుకే. దానికి లాక్‌పోర్ట్ పథకం అని పేరు పెట్టి దేశమంతా ప్రచారం చేశాడు. ఆ కాగితాలు దక్షిణ కరొలైనాలోని సమ్టర్ అనే పత్తి పట్నం పెద్దల చేతిలో పడ్డాయి. 1912 జూన్‌లో ఆ ఊరి ఓటర్లు దానికే ఓటు వేశారు. పథకం పుట్టిన లాక్‌పోర్ట్‌కు దక్కనిది ఎక్కడో ఉన్న సమ్టర్‌కు దక్కింది.

అప్పుడు సమ్టర్ చేసిన పనే ఈ కథంతటికీ ఆయువుపట్టు అని నా నమ్మకం. కొత్త కొలువుకు ఊళ్లో ఎవరి బంధువునో కూర్చోబెట్టకుండా, వాళ్లు దేశం నలుమూలలకూ ప్రకటన ఇచ్చారు. పది వేల జనాభా ఉన్న ఊరు, పెరుగుతున్న ఊరు. వీధులు, దీపాలు, నీళ్ల సరఫరా వంటివి చూడగల సమర్థుడు కావాలి, పేరున్న ఇంజనీరు అయితే మంచిది. ఎంత జీతం కావాలో, ఏ ఊళ్లో ఏం పని చేశారో రాయండి. రాజకీయాలు ఉండవు. ఊళ్లో కాపురం ఉంటున్నవాడే కానక్కర్లేదు, అయితే ఇక్కడి పద్ధతులు తెలిసి ఉండడాన్నీ లెక్కలోకి తీసుకుంటాం. ఇదీ ఆ ప్రకటన సారాంశం. ఒక పట్నం తనను నడిపే మనిషి కోసం, తోటమాలి కావలెను అన్నంత మామూలుగా, పేపర్లో ప్రకటన వేయడం జనానికి వింతగా తోచింది. వింత కాబట్టే దేశంలోని పత్రికలన్నీ ఎత్తి రాశాయి. నూట యాభైకి పైగా దరఖాస్తులు వచ్చాయి. వర్తింగ్టన్ అనే ఇంజనీరును ఎంచుకున్నారు. 1913 జనవరి 1 నుంచి సమ్టర్‌లో కొత్త పాలన మొదలైంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ రోజు సమ్టర్‌లో ఓటు వేసిన వాళ్లలో నల్లజాతివారు దాదాపు లేరు. 1895 నాటి రాష్ట్ర రాజ్యాంగం వాళ్ల ఓటును అంతకుముందే లాక్కుంది. ఇతర ఊళ్లలోనూ వార్డులు తీసేసి ఊరంతటికీ కలిపి ఎన్నిక పెట్టడంతో, బీదల పేటలకు, కార్మికుల పేటలకు కౌన్సిల్లో గొంతు పోయింది. పని బాగా జరగడం ఒక ఎత్తు, ఎవరి వీధిలో జరిగిందన్నది ఇంకో ఎత్తు. ఈ పద్ధతిని మెచ్చుకునేవాళ్లు ఆ రెండో మాటను చాలా ఏళ్లు దాటేశారు.

మళ్లీ ప్రళయమే కథను ముందుకు తోసింది. 1913 మార్చి చివర ఒహాయోలో మయామీ నది పొంగి డేటన్ నగరం మునిగిపోయింది. క్యాష్ రిజిస్టర్లు తయారు చేసే జాన్ ప్యాటర్సన్ తన ఫ్యాక్టరీలో వడ్రంగులను పెట్టి ఎడతెరిపి లేకుండా పడవలు చేయించి జనాన్ని ఒడ్డుకు చేర్పించాడు. వరద తీశాక కొత్త చార్టర్ కోసం, అంటే నగర పాలన నియమావళి కోసం, ఊరిని కూడగట్టిందీ ఆయనే. ఆగస్టులో ఓటర్లు మేనేజర్ పద్ధతికి సరే అన్నారు. మేనేజరుగా ఎవరిని పిలవాలి? వాళ్లు ఏకంగా పనామా కాలువ తవ్విస్తున్న కల్నల్ గోతల్స్‌నే అడిగారు! ఆయన రానన్నాడు. అప్పుడు సిన్సినాటి నగర ఇంజనీరు హెన్రీ వెయిట్‌ను ఏటా 12,500 డాలర్లకు కుదుర్చుకున్నారు. 1914 జనవరిలో ఆయన బాధ్యత తీసుకున్నాడు. అంత పెద్ద నగరం ఒప్పుకున్నాక చిన్న ఊళ్లకు జంకు పోయింది.

ఆ డిసెంబరులోనే, అదే రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఎనిమిది మంది మేనేజర్లు కలుసుకుని సంఘం పెట్టుకున్నారు. మొదటి అధ్యక్షుడు ఆష్‌బర్నరే, అప్పటికి స్ప్రింగ్‌ఫీల్డ్ మేనేజరు ఆయన. అక్కడి నుంచి 1918లో అట్లాంటిక్ రేవు నగరమైన నార్‌ఫోక్‌కు, తర్వాత కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌కు వెళ్లాడు. ఒక ఊళ్లో నేర్చుకున్నది ఇంకో ఊరికి పట్టుకెళ్లే వృత్తి ఒకటి అలా పుట్టింది. 1924లో ఆ సంఘం నీతి నియమావళి రాసుకుంది. ఒకరు ఇంకా కుర్చీలో ఉండగానే ఆ కుర్చీ కోసం పాకులాడకూడదన్నదీ, కనీసం రెండేళ్లైనా ఉండకుండా ఊరు మారకూడదన్నదీ కాలక్రమంలో వాళ్లు తమకు తాము పెట్టుకున్న కట్టుబాట్లు.

తీరప్రాంతపు చిన్న ఊళ్లు తొందరగానే ఈ దారికి వచ్చాయి. దక్షిణ కరొలైనా సముద్రపు పాయల మధ్యనున్న బోఫోర్ట్‌లో అప్పటికి జనాభా రెండున్నర వేలు. 1893 తుఫాను ఆ చుట్టుపక్కల దీవులను ఊడ్చేస్తే, క్లారా బార్టన్ రెడ్‌క్రాస్ బలగంతో వచ్చి నెలల తరబడి అన్నం పెట్టిన చోటు అది. అంత చిన్న ఊరు కూడా 1915 నాటికి మేనేజరును పెట్టుకుంది. గాల్వెస్టన్‌కు మాత్రం తాను కనిపెట్టినదాన్ని వదలడానికి చాలా కాలం పట్టింది. 1960లో అదీ కమిషన్‌ను పక్కనపెట్టి కౌన్సిల్, మేనేజర్ పద్ధతికి మారింది.

ఈనాడు కాలిఫోర్నియా తీరంలో హాఫ్ మూన్ బే వంటి ఊరు, జనాభా 12 వేల లోపు, మేనేజరు కోసం వెతకాలంటే ఏం చేస్తుంది? పాత మేనేజరు వెళ్తున్నట్టు చెప్పగానే ముందు తాత్కాలికంగా ఒకరిని కూర్చోబెడతారు, చాలాసార్లు పదవీ విరమణ చేసిన ఏ మేనేజరునో. తర్వాత ఇదే పని చేసిపెట్టే సంస్థను కుదుర్చుకుంటారు. వాళ్లు కౌన్సిల్ సభ్యులతో విడివిడిగా మాట్లాడి, ఉద్యోగులనూ ఊరివాళ్లనూ అడిగి, ఊరి గురించి ఒక పుస్తకం వేస్తారు. దరఖాస్తులు గుట్టుగా ఉంచుతారు, ఎందుకంటే పంపినవాళ్లు ఇంకో ఊళ్లో కొలువులో ఉన్నవాళ్లే. చివరికి మిగిలిన కొద్దిమందిని పిలిచి కౌన్సిల్, శాఖాధిపతులు, పౌరులు వేర్వేరుగా ప్రశ్నలు వేస్తారు.

ఈ చిన్న తీర ఊళ్లకు మనిషి దొరకడమే కష్టం. ఆదాయంలో పెద్ద వాటా హోటల్ గదుల మీద పన్ను, సెలవుల్లో పొంగుతుంది, వానాకాలంలో పడిపోతుంది. ఒడ్డు కోసుకుపోతుంటే రాళ్లు వేయించాలన్నా రాష్ట్ర కోస్టల్ కమిషన్ అనుమతి చూసుకోవాలి. 1972లో ఓటర్లు తెచ్చుకున్న కట్టుదిట్టం అది, సముద్రం అందరిదీ అన్న పట్టుదలతో. ఊళ్లో నలుగురు గట్టు కావాలంటారు, నలుగురు ఇసుక తిన్నె కావాలంటారు. ఇంకా పెద్ద చిక్కు ఇల్లు. సముద్రం కనిపించే చోట ఇళ్ల ధరలు ఊరి మేనేజరు జీతానికి కూడా అందవు. అందుకే ఒప్పందంలో ఇంటికి అప్పు ఇవ్వడమో, కాస్త దూరాన ఉండనివ్వడమో కూడా మాట్లాడుకుంటారు.

ఆ ఒప్పందం ఎంత బాహాటంగా ఉండాలో 2010లో తెలిసింది. లాస్ ఏంజెలెస్ పక్కన బెల్ అనే బీద పట్నంలో మేనేజరు ఏటా దాదాపు 8 లక్షల డాలర్లు తీసుకుంటున్నాడని పత్రిక బయటపెట్టింది. ఆయనకు పన్నెండేళ్ల జైలు పడింది. ఆ తర్వాత కాలిఫోర్నియా చట్టం బిగిసింది. ఇప్పుడు ఏ ఊళ్లోనైనా మేనేజరు జీతాన్ని హడావిడిగా పిలిచిన ప్రత్యేక సమావేశంలో ఆమోదించడానికి వీల్లేదు. మామూలు సమావేశంలో, చేతులెత్తే ముందు, జీతమెంతో, అదనంగా ఏమేమి ఇస్తున్నారో కూర్చున్న జనానికి వినబడేలా పైకి చెప్పాలి. ఆ తర్వాతే ఓటు.